ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి అడిలైడ్‌కి అద్దె క్యాంపర్‌వ్యాన్: పక్క సీట్లో రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్

అమ్మానాన్నలు ఇండియా నుంచి ఆస్ట్రేలియాకి వచ్చినప్పుడు ఎడారి చూపించడానికి క్యాంపర్‌వ్యాన్ తీసుకోవచ్చా అని గుళ్ళోనూ బర్త్‌డే పార్టీల్లోనూ చాలామంది అడుగుతున్నారు. తీసుకోవచ్చు. డబ్బు మిగులుతుందని మాత్రం తీసుకోకండి. కారు అద్దె, మోటల్ గదులు కలిపి లెక్క వేసినా ఇంచుమించు అంతే అవుతుంది, స్కూలు సెలవుల్లో అయితే వ్యాన్‌కే ఎక్కువ పడుతుంది. వ్యాన్‌కి డబ్బు పెట్టేది వేళకి ఇంటి భోజనం కోసం, పెద్దవాళ్ళకి నడుం నొప్పి పుడితే ఎక్కడైనా ఆపి పడుకోబెట్టడం కోసం. అర్ధరాత్రి చలిలో అమ్మ టార్చిలైటు పట్టుకుని బాత్రూమ్ వెతుక్కోవాల్సిన పని ఉండదు చూడండి, ఆ ఒక్కదానికే సగం అద్దె ఇచ్చేయొచ్చు.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ దారిలో తిరిగే అద్దె వ్యాన్లు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి, షరతులు కూడా అంతే. మాది నలుగురు పడుకోగలిగే డీజిల్ వ్యాన్. లోపల నిటారుగా నిలబడొచ్చు, రెండు పొయ్యిలు, చిన్న ఫ్రిజ్, సింకు, షవర్‌తో కలిసిన టాయిలెట్. డ్రైవర్ నెత్తిన ఒక మంచం ఉంటుంది, నిచ్చెనెక్కి అందులో దూరాలి. అది మా పదేళ్ళవాడిది. వెనక సోఫా అమ్మానాన్నలకి, మధ్యలో టేబుల్ మడిస్తే వచ్చే బెడ్ నాకు. మా ఆయనకి సెలవు దొరకలేదు. అందుకని నడపాల్సింది నేను, అదనపు డ్రైవర్‌గా మా నాన్న. ఆయన అనంతపురం డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా రిటైరయ్యాడు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు ఇంగ్లీషులో ఉన్న ఇండియా లైసెన్సుతో ఇక్కడ నడపొచ్చు. అక్కడా ఇక్కడా ఎడమవైపు డ్రైవింగే కాబట్టి పెద్దగా అలవాటు చేసుకోవాల్సింది కూడా ఏమీ లేదు. కొన్ని కంపెనీలు వయసుకి పైహద్దు పెడతాయి, బుక్ చేసే ముందే అడగండి.

మేం మా ఊరు అడిలైడ్ నుంచి విమానంలో ఎడారి నడుమ ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌కి వెళ్ళి, వ్యాన్‌తో ఇంటికొచ్చాం. తిరుగు ప్రయాణం ఇంటివైపే అయితే పెద్దవాళ్ళకి ఓపిక ఉంటుంది. వన్‌వే ఫీజు పడుతుంది, అయినా అదే దారిలో 1,500 కిలోమీటర్లు మళ్ళీ వెనక్కి తోలడం కంటే అది కట్టడమే నయం.

కౌంటర్ దగ్గర సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు ఖర్చు అక్కడే బయటపడుతుంది. జూలై సెలవుల్లో మాకు రోజుకి 200 డాలర్ల పైనే పడింది. దానిమీద ఇన్సూరెన్స్. ఏమీ తీసుకోకపోతే వేలల్లో బాండ్, అంటే డిపాజిట్, మన కార్డు మీద బ్లాక్ చేస్తారు. రోజుకి ఇంకో 50 డాలర్ల దాకా కడితే ఆ బాండ్ తగ్గుతుంది. టైర్లు, ముందు అద్దం అన్నిటికంటే ఖరీదైన పై ప్యాకేజీలోనే కవరవుతాయి. ఈ రోడ్డు మీద రాయి ఎగిరొచ్చి అద్దానికి తగలకపోతే అది అదృష్టమే, కాబట్టి పై ప్యాకేజీయే తీసుకున్నాను. తారు రోడ్డు దిగితే ఇన్సూరెన్స్ పోతుంది. ఊళ్ళ బయట పొద్దు గుంకాక నడిపినా పోతుంది, కంగారూలు ఆ వేళకే రోడ్డెక్కుతాయి గనక. ఇవన్నీ ఎనిమిది పేజీల కాగితంలో ఉన్నాయి, మాకు బండి అప్పగించిన అబ్బాయి మాత్రం పది నిమిషాల్లో అన్నీ చూపించేసి తాళం చేతిలో పెట్టాడు. టాయిలెట్ క్యాసెట్ తీయడం, గ్యాస్ వాల్వ్, టేబుల్ మంచమయ్యే తిరకాసు, ఈ మూడూ మళ్ళీ చేయించి ఫోన్‌లో వీడియో తీసుకోండి. తర్వాత ఫోన్ చేద్దామంటే సిగ్నల్ ఉండదు. ఊరు దాటాక టెల్‌స్ట్రా సిమ్‌కి అక్కడక్కడ దొరుకుతుంది, మిగతావి దండగ.

అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: హీటర్ దేనిమీద నడుస్తుంది? మా వ్యాన్‌లో అది 240 వోల్ట్ కరెంటు మీదే నడిచేది. అంటే క్యారవాన్ పార్కులో కరెంటు ఉన్న సైట్ తీసుకుని వైరు తగిలిస్తేనే వెచ్చదనం. హైవే పక్కన ఉచితంగా ఆగనిచ్చే రెస్ట్ ఏరియాల్లో అది పనిచేయదు. ఎడారి అంటే ఎండ అనుకుంటారు మనవాళ్ళు. జూలైలో ఆలిస్ స్ప్రింగ్స్‌లో పగలు హాయిగా 20 డిగ్రీలుంటుంది, రాత్రికి సున్నా దాకా దిగిపోతుంది, ఒక్కోసారి ఇంకా కిందికి. రెస్ట్ ఏరియాలో పడుకున్న రాత్రి నాన్న మంకీ క్యాప్, మఫ్లర్, స్వెట్టర్, దానిమీద నా జాకెట్ వేసుకుని, "పాపా, నైట్ డ్యూటీలో ఇంజను పక్కన వెచ్చగన్నా ఉండేది" అన్నాడు. డీజిల్ హీటర్ ఉన్న వ్యాన్లు దొరుకుతాయి. కాస్త ఎక్కువైనా సరే, చలికాలం పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు అదే తీసుకోండి. వేసవిలో వెళ్ళే ఆలోచన ఉంటే, చెప్పేదేముంది, మానుకోండి.

ఇక రోడ్డు. స్టువార్ట్ హైవే అంటే డార్విన్ నుంచి పోర్ట్ అగస్టా దాకా ఖండం నడిమధ్యలో పైనుంచి కిందికి దిగే దారి. 1861-62లో ఈ దారిన ఉత్తరాది సముద్రం దాకా చేరి తిరిగొచ్చిన జాన్ మెక్‌డూల్ స్టువార్ట్ పేరు పెట్టారు. ఆయన అడుగుజాడల్లోనే 1872లో అడిలైడ్ నుంచి డార్విన్‌కి టెలిగ్రాఫ్ తీగ లాగారు, ఆలిస్ స్ప్రింగ్స్ అసలు ఆ తీగకి ఒక స్టేషన్‌గా మొదలైన ఊరే. ఆ పాత రాతి కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి, చూడండి. హైవే మొత్తానికి తారు పడింది మాత్రం 1987లో. ఈ సంగతి విని నాన్న నమ్మలేదు. "మేము అప్పటికే బెంగళూరు సర్వీసు తారు రోడ్డు మీద తోలుతుంటిమి కదా" అని గర్వంగా అమ్మ వైపు చూశాడు.

నార్తర్న్ టెరిటరీలో లిమిట్ 130, సౌత్ ఆస్ట్రేలియాలోకి వచ్చాక 110. కానీ ఎత్తైన వ్యాన్ పక్కగాలికి ఊగుతుంది, 95-100 దాటితే లోపల గిన్నెలన్నీ పాడతాయి. నాన్న ఏకంగా 90 దగ్గర ఆగిపోయేవాడు. కారణం భద్రత కాదు, కేఎంపీఎల్. ఆర్టీసీలో లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నదే డ్రైవర్ పరువు. మర్లా నుంచి కూబర్ పీడీ దాకా 235 కిలోమీటర్లు ఆయనే నడిపి, డీజిల్ కొట్టించి, రసీదు వెనక లెక్క వేశాడు. నా చేతిలో ఏడున్నర వచ్చిన బండి ఆయన చేతిలో ఎనిమిదిన్నర ఇచ్చింది. "యాభై మందిని ఎక్కించుకొని ఐదున్నర తెచ్చినా నేను. దీంట్లో నలుగురమే ఉండాం, ఎనిమిదిన్నర గొప్పేం కాదు" అన్నాడు గానీ, ఆ రసీదు పర్సులో దాచుకున్నాడు. నవ్వుకోకండి, ఈ దారిలో ఆ తేడా డాలర్లలోకి మారుతుంది. హైవే పక్కన బంకూ హోటలూ కలిసి ఉండే రోడ్‌హౌస్‌లలో డీజిల్ ఆలిస్ ధర కంటే బాగా ఎక్కువ, ఒకచోట నాకు బిల్లు చూసి నోట మాట రాలేదు. రోడ్‌హౌస్ కనిపించిన ప్రతిచోటా సగం ట్యాంకు ఉన్నా నింపుకోవాలి. ముఖ్యంగా కూబర్ పీడీ దాటాక దాదాపు 250 కిలోమీటర్లు ఏమీ ఉండదు, ఆ తర్వాత వచ్చే బంకు తెరిచి ఉందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి. ఇంకొక మాట, పెట్రోలు కారుతో వెళ్ళేవాళ్ళకి ఆ ప్రాంతంలో మామూలు పెట్రోలుకి బదులు మత్తెక్కించే రసాయనాలు తక్కువుండే వేరే రకం పోస్తారు. పెట్రోలు వాసన పీల్చే వ్యసనం వల్ల అక్కడి పిల్లలు పాడైపోవడం చూసి తెచ్చిన ఏర్పాటది. బండికి ఏమీ కాదు.

రోడ్ ట్రెయిన్ అని విని ఉంటారు. ఒక లారీ వెనక మూడు ట్రెయిలర్లు, మొత్తం పొడవు 53.5 మీటర్ల దాకా ఉండొచ్చు. నాన్న లెక్కలో ఒకదాని వెనకొకటి నిలబెట్టిన నాలుగున్నర ఆర్టీసీ బస్సులు. ఎదురుగా వస్తే గాలి మొదట పక్కకి తోసి, అది దాటిపోగానే లోపలికి లాగుతుంది. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాలి, పక్కనున్నవాళ్ళు భయపడి అరవకుండా ముందే చెప్పి ఉంచాలి. ఇక దాన్ని దాటాలనుకుంటే కనుచూపు మేర రోడ్డు ఖాళీగా ఉండాలి. నేను చాలాసేపు వెనకే పోయేదాన్ని. నాన్న మాత్రం ఆ డ్రైవర్ల పని చూసి ముచ్చటపడ్డాడు. ఒక రెస్ట్ ఏరియాలో వాళ్ళలో ఒకాయన టైర్లన్నీ తిరిగి ఒక్కొక్కదాన్నీ సుత్తితో కొట్టి శబ్దం వింటుంటే, భాష రాకపోయినా నాన్న వెళ్ళి పక్కన నిలబడ్డాడు. చివరి ట్రెయిలర్‌కి వచ్చేసరికి సుత్తి నాన్న చేతిలో ఉంది.

ఎదురొచ్చే బండ్లవాళ్ళు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు పైకెత్తి పలకరిస్తారు, అది ఇక్కడి ఎడారి మర్యాద. నాన్న ప్రతి ఒక్కరికీ పూర్తి చెయ్యెత్తి సమాధానమిచ్చాడు, డిపో బస్సులు ఎదురైతే చేసినట్టే.

వంటగది గురించి అమ్మ మాటే ఫైనల్. పొయ్యి బాగా మండుతుంది, గ్యాస్ సరిపోయింది. కుక్కర్ మాత్రం ఇంటినుంచే తీసుకెళ్ళాలి, వాళ్ళిచ్చే గిన్నెల్లో పప్పు ఉడకదు. రాగిపిండి, కందిపప్పు, రసంపొడి, గోంగూర పచ్చడి మేం సూట్‌కేసులో సర్దుకున్నాం. మైక్రోవేవ్ కరెంటు ఉన్న పార్కులోనే పనిచేస్తుంది, ఫ్రిజ్‌కి మాత్రం వేరే బ్యాటరీ ఉంటుంది. మొదటి సాయంత్రం అమ్మ ఎండుమిర్చి తాలింపు వేయగానే పైనున్న స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. పక్క వ్యాన్ నుంచి ఒక ముసలాయన మంట ఆర్పే సిలిండర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి పప్పన్నం పెట్టి పంపించాం. ఆ అలారం పీకేయకూడదు, ప్రమాదం. తలుపు, కిటికీలు, పైన గూడు తెరిచి తాలింపు వేస్తే సరి. లేదంటే బయట చిన్న క్యాంపు స్టవ్ పెట్టుకోండి, గాలి వీచే దిక్కుకి వ్యాన్‌ని అడ్డం పెట్టుకుని. హైవే పక్కన ఎర్రమట్టిలో కుర్చీలేసుకుని రాగిసంగటి, పప్పు తిన్న మధ్యాహ్నాన్ని ఏ రోడ్‌హౌస్ బర్గర్‌తోనూ పోల్చలేను. ఈగలు మాత్రం ముద్దతో పాటు నోట్లోకి వస్తాయి. ముఖానికి వేసుకునే వల టోపీలు ఆలిస్‌లోనే కొనండి.

టాయిలెట్ గురించి రాయడానికి మొహమాటపడతారు గానీ అడిగేది అందరూ దాని గురించే. క్యాసెట్ అనే చిన్న ట్యాంకు బండి బయటి నుంచి లాగొచ్చు, అందులో రసాయనం పోస్తారు, డంప్ పాయింట్ దగ్గర ఖాళీ చేసి కడగాలి. నలుగురు వాడితే రెండు రోజులకే నిండుతుంది. మేం రాత్రిపూటకే దాన్ని పెట్టుకున్నాం, పగలు రోడ్‌హౌస్‌లు. ఖాళీ చేసే పని నాన్న మీద వేయడం నాకిష్టం లేదు, నాకు వదలడం ఆయనకిష్టం లేదు. ఆ వాదన అడిలైడ్ దాకా సాగింది.

ఉలూరు అనే ఎర్రటి పెద్ద రాతికొండ గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఎర్ల్‌డుండా దగ్గర హైవే వదిలి పడమరకి 245 కిలోమీటర్లు, తారు రోడ్డే, వ్యాన్‌తో వెళ్ళొచ్చు. పార్కు టికెట్ వేరే. ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి పూర్తిగా ఆపేశారు, ఆ కొండ అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకి పవిత్రం. "దేవుడి కొండ చుట్టూ తిరగాల గానీ నెత్తికెక్కుతారా ఎవరన్నా" అని అమ్మ గిరి ప్రదక్షిణకి సిద్ధమైపోయింది. చుట్టుకొలత 9.4 కిలోమీటర్లని చెప్పాక కూడా వెనక్కి తగ్గలేదు. దారి చదునుగా ఉంటుంది, పొద్దున్నే మొదలుపెడితే అరవై దాటినవాళ్ళు కూడా తిరగ్గలరు. వెళ్ళేటప్పుడు ఎడమవైపు బల్లపరుపు కొండొకటి కనిపిస్తుంది, అది మౌంట్ కానర్. అదే ఉలూరనుకుని ఫోటోలు తీసి ఇండియాకి పంపేస్తారు చాలామంది.

కుల్గెరా దాటాక సరిహద్దు. సౌత్ ఆస్ట్రేలియాలోకి బయటి పళ్ళు, టమాటా, మిరపకాయల్లాంటివి తేకూడదు, పండు ఈగ భయం. కాబట్టి ఆలిస్‌లో కూరగాయలు కొనేటప్పుడే లెక్కగా కొనుక్కుని, అక్కడికి వచ్చేలోపు వండేసుకోవాలి. మేం మిగిలిన పచ్చిమిర్చి అంతా నూరి చివరి రాగిసంగటికి నంజుకున్నాం.

ఈ ప్రయాణంలో నన్ను అడిగితే రెండు పూటలు అదనంగా ఇవ్వాల్సింది కూబర్ పీడీకి. ఉలూరుకి కాదు. 1915లో బంగారం వెతుక్కుంటూ వచ్చిన బృందంలో విల్లీ హచిసన్ అనే 14 ఏళ్ళ పిల్లవాడికి ఇక్కడ ఓపల్ అనే రంగురాయి దొరికింది. అప్పట్నుంచి తవ్వుతూనే ఉన్నారు. ఊరికి చాలా ముందే రోడ్డుకి రెండువైపులా తెల్లటి, లేత గులాబీ మట్టి కుప్పలు వేలల్లో కనబడతాయి. ప్రతి కుప్ప పక్కనా ఒక లోతైన గుంత ఉంటుంది, మూత లేని గుంత. పరిగెత్తకండి, ఫోటో కోసం వెనక్కి అడుగులు వేయకండి అని బొమ్మలతో బోర్డులు పెట్టారు. పిల్లలుంటే చెయ్యి వదలొద్దు. వేసవిలో ఎండ 45 దాటుతుంది కాబట్టి జనంలో చాలామంది కొండ తొలిచి అందులోనే ఇళ్ళు కట్టుకున్నారు, లోపల ఏడాది పొడుగునా 23-25 డిగ్రీలే. చర్చిలు కూడా భూమిలోపలే. సెర్బియన్ చర్చి తప్పక చూడండి, రాతి గోడల్లోనే సాధువుల బొమ్మలు చెక్కారు.

ఒక రాత్రికి వ్యాన్ బయట పెట్టి కొండలో తొలిచిన మోటల్ గదిలో ఉన్నాం. గోడల మీద యంత్రం గీరిన గుండ్రటి చారలు అలాగే ఉంచి పైన జిగురు పూశారు, మట్టి రాలకుండా. లైటు తీస్తే మన చెయ్యి మనకి కనబడదు. అమ్మకి మొదట ఊపిరాడదేమోనని భయం, పైన గాలిగొట్టం చూపించాక పడుకుంది. హీటర్ లేకుండా వెచ్చగా ఉన్న మొదటి గది అదే కాబట్టి పొద్దున ఎనిమిదైనా ఎవరూ లేవలేదు. ఆ గదికి పెట్టిన డబ్బు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

పొద్దున జ్యూయెలర్స్ షాప్ రోడ్ పక్కన జనం ఎవరైనా రాళ్ళు వెతుక్కోవచ్చని వదిలిన స్థలానికి వెళ్ళాం. తవ్విపోసిన మట్టిలో చేత్తో వెతకడాన్ని ఇక్కడ నూడ్లింగ్ అంటారు. అమ్మ పుట్టిల్లు వజ్రకరూరు పక్క పల్లె. తొలకరి పడగానే మా వైపు చేలల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి జనమో వచ్చి చెట్లకింద మకాం పెడతారని అనంతపురం, కర్నూలు వాళ్ళకి చెప్పక్కర్లేదు. అమ్మ చిన్నప్పుడు ఆ పని చేసిందే. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, స్పోర్ట్స్ షూలతో ఆ కుప్ప ముందు గొంతుక్కూర్చుంది. "ఎండకి ఎదురుగా మొహం పెట్టి చూడాల నాయనా, మెరుపు కనపడిందంటే కన్ను తిప్పొద్దు, తిప్పితే మళ్ళా దొరకదు" అని మనవడికి పాఠం మొదలుపెట్టింది. వాడు తన టాబ్లెట్ వ్యాన్‌లో వదిలేసి, అవ్వ పక్కన మధ్యాహ్నం దాకా కదల్లేదు. చుట్టూ ఇంకో ఇద్దరు ముగ్గురు తెల్లవాళ్ళు జల్లెడలు, పెద్ద టార్చీలతో వెతుకుతున్నారు. అమ్మ దగ్గర వాటర్ బాటిల్, గోళ్ళు, అంతే. కాసేపటికి వాళ్ళు కూడా ఆమె వెతికే పద్ధతి గమనించడం మొదలుపెట్టారు. మట్టిగడ్డ మీద నీళ్ళు చల్లి, తడిసిన చోట వేలితో రాసి, పనికిరాదంటే భుజం మీదుగా వెనక్కి విసిరేయడం. దొరికినవన్నీ పాచ్ ముక్కలు, అంటే రంగులాట లేని ఓపల్. ఒక దాంట్లో మాత్రం ఓ అంచున పచ్చగా చిన్న గీత ఉంది. షాపులో చూపిస్తే దీనికి ధర లేదని నవ్వుతూ చెప్పారు. "వజ్రకరూరులో గూడా మొదట అట్లనే అంటారు" అంది అమ్మ, దాన్ని కొంగున ముడేసుకుంటూ.

కొనేవాళ్ళకి ఒక జాగ్రత్త. సాలిడ్ అంటే మొత్తం ఓపలే. డబ్లెట్ అంటే పలచటి ఓపల్ ముక్కకి వెనక నల్లటి రాయి అతికించింది. ట్రిప్లెట్‌కి పైన గాజులాంటి మూత కూడా ఉంటుంది. మూడూ షాపులో ఒకేలా మెరుస్తాయి, ధరలో పోలిక ఉండదు. ట్రిప్లెట్ ఉంగరం పెట్టుకుని అంట్లు తోమితే నీళ్ళు లోపలికి దిగి మసకబారుతుంది. ఏ రకమో బిల్లు మీద రాయించుకోండి.

కుక్కల కంచె చూడటానికి మట్టి దారిలో పోవాలి, డింగోలనే అడవి కుక్కలు గొర్రెల వైపు రాకుండా 5,600 కిలోమీటర్ల పొడవున కట్టిన కంచె అది. వ్యాన్‌ని మోటల్ దగ్గరే పెట్టి లోకల్ టూర్ మినీబస్సులో వెళ్ళాం. బయల్దేరే ముందు వ్యాన్‌కి నీళ్ళు పట్టుకోండి, ఈ ఊళ్ళో నీళ్ళు బోరు నుంచి తోడి ఉప్పు తీసినవి, నాణెం వేసే మిషన్ దగ్గర కొనాలి. ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన కూడా పడని ఊరని చెబితే, జీవితమంతా అనంతపురం కరువు మీద నిట్టూర్చిన నాన్న ఆ రోజు మొదటిసారి, "మనమే నయం" అన్నాడు.

అక్కడ్నుంచి దారి ఊమెరా నిషేధిత ప్రాంతం గుండా పోతుంది. 1947 నుంచి రాకెట్లు, ఆయుధాలు పరీక్షించే చోటు. హైవే మీద వెళ్ళొచ్చు, పక్కకి దిగి తిరగకూడదు. గ్లెండాంబో దగ్గర జనాభా బోర్డు మీద గొర్రెలు, ఈగలు, మనుషులు అని మూడు లెక్కలు రాశారు, మనుషులది చివరి లెక్క, 30. పింబా దగ్గర పక్కకి తిరిగితే ఊమెరా గ్రామంలో ఆరుబయట రాకెట్లు నిలబెట్టిన పార్కు ఉంది. ఆస్ట్రేలియా మొదటి ఉపగ్రహం రెసాట్ 1967లో ఇక్కడినుంచే ఎగిరింది. మావాడికి బాగా నచ్చింది, మాకు కాళ్ళు సాగాయి. దానికి ముందే లేక్ హార్ట్ అనే ఉప్పు సరస్సు రోడ్డు మీదనుంచే తెల్లగా కనిపిస్తుంది, టీ పెట్టుకోవడానికి అంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు.

పోర్ట్ అగస్టాలో సముద్రం పాయ కనిపించగానే ఎడారి అయిపోయినట్టే. సూపర్‌మార్కెట్లు, ట్రాఫిక్ లైట్లు, అన్నీ వచ్చేస్తాయి. అడిలైడ్‌కి ఇంకా 300 కిలోమీటర్లు, గోధుమ చేలూ గాలిమరలూ తప్ప చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. లోకీల్ అనే పల్లె దగ్గర బంబుంగా సరస్సు గులాబీ రంగులో ఉంటే ఆగండి, రంగు వాన మీద, ఉప్పు మీద ఆధారపడుతుంది. మేం వెళ్ళినప్పుడు లేత గులాబీ, ఫోటోల్లో చూసినంత కాదు.

వ్యాన్‌తో అడిలైడ్ ఊళ్ళోకి రాకండి. మూడు మీటర్ల ఎత్తు బండి, సిటీలో కార్ పార్కులకి రెండు మీటర్ల పైన అడ్డకడ్డీ ఉంటుంది. చుట్టాలింటికి వెళ్ళినా వీధిలో పెట్టడానికి చోటు దొరకదు. ముందు బండి అప్పగించేసి, ఆ తర్వాత ట్రామ్ ఎక్కి గ్లెనెల్గ్ బీచికి పొండి. 1836 డిసెంబరు 28న ఈ రాష్ట్రం మొదలైనట్టు ప్రకటించింది ఆ ఒడ్డునే. జెట్టీ చివరిదాకా నడిచి, చేపలు పట్టేవాళ్ళని చూసి, ఫిష్ అండ్ చిప్స్ తినొచ్చు. ఇన్ని రోజుల ఎర్రమట్టి తర్వాత నీళ్ళు చూడగానే అమ్మ చెప్పులు విప్పి దిగింది, జూలై నీళ్ళు కదా, వెంటనే బయటికొచ్చింది. మద్రాసులోనూ మచిలీపట్నంలోనూ సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడమే చూశాడు నాన్న, ఇక్కడ మునగడం చూసి దిక్కులు సరిచూసుకోవడానికి నా ఫోన్‌లో కంపాస్ అడిగాడు. శాకాహారులైతే సెంట్రల్ మార్కెట్‌కి వెళ్ళండి, 1869 నుంచీ ఉన్న మార్కెట్, ఎడారిలో మొహం వాచిపోయిన కూరగాయలన్నీ అక్కడున్నాయి.

బండి అప్పగించడానికి డిపో మధ్యాహ్నానికే మూసేస్తారు, టైమ్ ముందే చూసుకోండి. డీజిల్ నింపి, క్యాసెట్ ఖాళీ చేసి, లోపల ఊడ్చి ఇవ్వాలి. ఎర్రమట్టి సోఫా సందుల్లో ఉంటే క్లీనింగ్ ఫీజు వేస్తారు. మాకు ముందు అద్దానికి ఒక చిన్న చిప్పు పడింది, పై ప్యాకేజీ వల్ల పైసా కట్టలేదు. బాండ్ కార్డు మీద విడుదల కావడానికి రెండు వారాలు పట్టింది. వాడని గ్యాస్ గురించి అడిగితే వినలేదన్నట్టు ఊరుకున్నారు.

ఆర్టీసీలో బండి దిగేటప్పుడు లోపాలు లాగ్ షీట్‌లో రాసివ్వాలట. నాన్న దారి పొడవునా చెబుతూ వచ్చినవన్నీ నా చేత ఇంగ్లీషులో రాయించి కౌంటర్ మీద పెట్టాడు: పక్క తలుపు సగంలో పట్టేస్తోంది, నీళ్ళ పంపు రాత్రిళ్ళు దానంతటదే కొట్టుకుంటోంది, కుడి వైపర్ గీతలు పెడుతోంది, టేబుల్ కాలు లాక్ వదులు. కౌంటర్ అబ్బాయి చదివి, తలుపు గురించి ముందు తీసుకున్నవాళ్ళు కూడా చెప్పారని ఒప్పుకున్నాడు. నేను తెలుగులో చెప్పగానే నాన్న తల పంకించి, "అయితే గ్యారేజీలో ఎవురూ చదవలేదన్నమాట. మా డిపోలోనూ అంతే" అన్నాడు.